సంతకం ఉన్న కార్డు ఫోటోలు: పాత ఆల్బమ్‌లోంచి తీయాలా, వద్దా?

అట్టపెట్టె: 1860ల నాటి అమెరికా ఆల్బమ్‌లో గారిసన్, వెండెల్ ఫిలిప్స్ లాంటి బానిసత్వ వ్యతిరేకుల సంతకాలున్న కార్డులు (అట్టకి అతికించిన చిన్న ఫోటోలు) దొరికితే, బయటికి తీసి విడిగా దాచాలనే అంటాను. కార్డు వెనక్కి తిప్పి చూడందే పూర్తి సంగతి తేలదు. స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. అప్పట్లో ఫోటోల మీద వేసిన పన్ను తాలూకు స్టాంపు కూడా ఉంటే కార్డు 1864–66 మధ్య అమ్ముడైందన్నమాట.

లూప్‌రావు: స్టాంపు చెప్పేది కార్డు వయసు. సంతకం చేత్తో పెట్టిందో, అచ్చేసిందో చెప్పదు కదండీ. దానికి ముందువైపు 10 రెట్ల లూప్ (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) చాలు. ఉక్కు పాళీని ఒత్తి రాసిన చోట పాళీ చీలి, గీతకి రెండంచులూ ముదురుగా, మధ్యలో లేతగా కనిపిస్తుంది. గీత మీద గీత పడ్డచోట సిరా చిక్కబడుతుంది. అచ్చు సంతకమైతే మొత్తం ఒకటే నలుపు. ఒకప్పుడు బానిసగా ఉండి, తర్వాత బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రసంగించిన సోజర్నర్ ట్రూత్ కార్డుల కింద ఉండే పేరు అచ్చేసిందే. ఆవిడకి చదవడం, రాయడం రాదు. అయినా దాన్ని సంతకమని అంటగట్టేవాళ్లున్నారు!

ఇక ఆల్బమ్ సంగతి. కార్డుల వరసని చెదరగొట్టొద్దంటాను. బానిసత్వం నుంచి పారిపోయి ఇంకెందరినో తప్పించిన హ్యారియట్ టబ్‌మన్ నలభైల్లో ఉన్నప్పటి ఫోటో ఎమిలీ హౌలాండ్ అనే టీచరు ఆల్బమ్‌లో బయటపడింది. 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, స్మిత్‌సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం కలిసి ఆల్బమ్ మొత్తాన్నీ కొన్నాయి, ఒక్క కార్డుని కాదు.

అట్టపెట్టె: అది ఒకే మనిషి దాచుకున్నది. అమ్మకానికొచ్చే వాటిలో ఖాళీ అరల్లో (పేజీలో కార్డు దూర్చే జేబుల్లో) ఎక్కడెక్కడివో కార్డులు దూర్చినవీ ఉంటాయి. అర కింద పెన్సిల్‌తో రాసిన పేరొకటి, లోపలున్న మొహం ఇంకొకటి అయితే ఆ వరసకి విలువేముంది?

పొడిచెయ్యి: అలాంటిదైనా ముందు పేజీపేజీకీ ఫోటో తీసి, అరలకి నంబర్లు వేసుకోండి. పేర్ల తేడా కూడా సాక్ష్యమే. ఆ తర్వాతే తీయడం.

చాలా ఆల్బమ్‌లలో అర నోరు కిందివైపు ఉంటుంది. కార్డు సుమారు 64×100 మి.మీ. గోటితో లాగితే ముందు చిరిగేది అర మూలే. పలచటి పాలిస్టర్ ఫిల్మ్ పట్టీలు రెండు, కార్డుకి ముందొకటి, వెనకొకటి జార్చి, మూడూ కలిపి నెమ్మదిగా కిందికి లాగాలి. కదలకపోతే వదిలేయండి. తడి మాత్రం తగలనివ్వకండి: ఫోటో మీది తెల్లసొన పూత ఉబ్బి పగుళ్లిస్తుంది, సిరా పాకుతుంది.

లూప్‌రావు: సిరా పెచ్చులు లేస్తుంటే పాలిస్టర్ కూడా వద్దు. దాని స్థిర విద్యుత్తుకే ఆ పెచ్చులు ఊడొస్తాయి. అలాంటి కార్డుని అరలోనే ఉంచాలి.

అట్టపెట్టె: పెచ్చులు లేచినవాటి వరకు ఒప్పుకుంటాను. మిగతావి మాత్రం బయటికే.