అడ్డం 7: బియ్యం డబ్బా ఖాళీ అని చెప్పే తీరు?

గళ్లపిచ్చి:
ఆదివారం అనుబంధంలోని గడి. అడ్డం 7: 'బియ్యం డబ్బా ఖాళీ అని ఇల్లాలు చెప్పే తీరు (5)'. 'అయిపోయాయి' సరిగ్గా అయిదు గళ్లు. కానీ మూడో గడిలోంచి దిగే నిలువు 'ఎటు నుంచి చదివినా చిన్న నిద్రే (3)'. అది కునుకు తప్ప ఇంకోటి కాదు. 'పో' ఉండాల్సిన చోట 'కు' కూర్చుంది. బెంగళూరులో పుట్టి పెరిగినదాన్ని, ఇంటి మాటలు కొన్ని నాదాకా రాలేదు. రాత్రి నుంచి ఇదే టెన్షన్. ఎవరైనా చెప్పండి.

నిలువుగీత:
నిండుకున్నాయి. మా అమ్మ దగ్గర 'బియ్యం అయిపోయాయి' అంటే నెత్తిన మొట్టికాయ పడేది.

పెన్సిలు తాత:
కరెక్టే. లేవు అనడం అశుభమని నిండుకున్నాయి అంటారమ్మా. మా అపార్ట్‌మెంట్ పత్రికకు గడి కట్టేది నేనే. ఇలాంటి మాటలు దొరికితే నాకు పండగ. దీపం ఆరిందనకుండా కొండెక్కింది అంటాం కదా, 'దీపం ఎక్కే ఎత్తు (2)' అని ఇచ్చాను. పెద్దవాళ్లు చిటికెలో కొండ అని రాసేశారు, పిల్లలు మేడ అన్నారు.

అక్షరాలు తిప్పే ఆధారాలే మనకి కష్టం. ఇంగ్లీషులో గడికి ఒక్క అక్షరమే. మన గడిలో గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిసే కూర్చుంటాయి. లతను తిరగేస్తే తల వస్తుంది, పద్మను తిరగేస్తే నోరు తిరగదు. కొందరు కిటికీని కూడా వికటకవి జాబితాలో వేస్తారు. నేనొప్పుకోను, చివర దీర్ఘం ఉంది.

వచ్చే నెలకు ఒకటి అనుకున్నా: 'పోతూ పోతూ కట్టేది (2)'. చెప్పండి చూద్దాం.

గళ్లపిచ్చి:
నిండుకున్నాయి పెట్టాక ఆ మూల మొత్తం పూర్తయిందండీ, థాంక్స్! మీది మూట కదా?

నిలువుగీత:
టపా. తాతగారి సంగతి తెలుసుగా, మనిషి పోతే తప్ప ఆయనకు ఆధారం తట్టదు.

పెన్సిలు తాత:
టపానే. బాల్చీ తన్నించొచ్చు గానీ అది ఇంగ్లీషు వాళ్ల బాల్చీ. అయితే మూట కూడా అతుకుతోందమ్మా, అడిగినవాళ్లది తప్పనలేం. రెండో గడిలోంచి ఒక నిలువు దింపుతాను: 'కోరలున్న పురుగు (2)'. రాత్రిపూట పాము పేరెత్తని ఇళ్లవాళ్లకి అది వెంటనే తగులుతుంది. 'పా' పడ్డాక మూటకి చోటుండదు.