అప్‌డేట్: ముట్లాగాక హార్మోన్ మందులు, క్యాప్సూల్ మానేయొచ్చా?

ముట్లు ఆగాక వేడి ఆవిర్లు తట్టుకోలేక వెళ్తే ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్ హార్మోన్) జెల్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ క్యాప్సూల్ రాశారనీ, గర్భసంచి తీసేసిన మా అక్క ఉత్త జెల్‌తోనే నడిపిస్తోంది కాబట్టి నేనూ క్యాప్సూల్ మానేయొచ్చా అనీ అడిగాను కదా. గైనకాలజిస్టుని మళ్ళీ కలిశాను.

మానకూడదట. గర్భసంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే దాని లోపలి పొర మందంగా పెరుగుతుంది, అది క్యాన్సర్‌కి దారితీయొచ్చు. ఆ పొరని అదుపులో పెట్టేదే క్యాప్సూల్. అక్కకి ఆ పొరే లేదు, గొడవా లేదు. నాకు ముట్లాగి ఏడాది దాటింది కాబట్టి రెండూ రోజూ, విరామం లేకుండా వాడాలి. క్యాప్సూల్ మత్తు తెస్తుంది, అందుకే పడుకునే ముందు. నాకైతే ఆ మత్తే వరం, నిద్ర పడుతోంది!

జెల్ తొడ మీద రాసి, ఆరనిచ్చి, చేతులు కడుక్కోవాలి. రొమ్ముల మీద రాయకూడదు. రాసిన చోటు మనవరాలికి తగలనివ్వొద్దని గట్టిగా చెప్పారు, మందు పిల్లల ఒంటికి అంటుతుందట. నా బరువు చూసి మాత్ర బదులు జెల్ ఎంచుకున్నారు; చర్మం ద్వారా వెళ్తే రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రలకన్నా తక్కువ.

మొదటి 3–6 నెలలు కాస్త రక్తపు మరక కనిపించొచ్చు. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, ఆగి మళ్ళీ మొదలైనా వెంటనే చూపించుకోవాలి. రక్తం ఎక్కువగా పోతుంటే ఆరు నెలలదాకా ఎదురుచూడక్కర్లేదు.

మా వదినకి పొడిబారడం ఒక్కటే బాధ. ఆవిడకి యోనిలో వాడే తక్కువ డోసు ఈస్ట్రోజెన్ క్రీము రాశారు, దానికి మామూలుగా క్యాప్సూల్ తోడు అక్కర్లేదట.