యోనా ఎందుకు పారిపోయాడు? యోనా గ్రంథం 4:2 వచనం మీద నా మాట

యోనా బైబిల్లోని ఇశ్రాయేలు ప్రవక్త. శత్రు రాజ్యం అష్షూరు పట్టణమైన నీనెవెకి వెళ్లి ప్రకటించమని దేవుడు చెబితే, ఓడెక్కి వేరే వైపు పారిపోయాడు. "నీనెవె జనం క్రూరులు కాబట్టి ప్రాణభయంతో యోనా పారిపోయాడని అందరూ చెబుతారు కదా, ఆ మాట గ్రంథంలో ఎక్కడుంది?" అని ఒకరు అడిగారు. ఎక్కడా లేదండీ. నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు, వాటిలో యోనా నీనెవె వాళ్లకి భయపడ్డాడని ఒక్క ముక్క కూడా లేదు. పైగా భయమే కారణం అనుకుంటే ఓడలో జరిగింది అసలు అర్థం కాదు. తుపాను ముదురుతుంటే నావికులు "నిన్ను ఏం చేయమంటావు" అని ఆయన్నే అడిగారు. ఓడ వెనక్కి తిప్పండి, నేను నీనెవెకి పోతాను అనొచ్చు కదా, అనలేదు. నన్ను ఎత్తి సముద్రంలో పడేయండి అన్నాడు. ప్రాణభయంతో పరుగెత్తినవాడు అలా అంటాడా? చావనైనా చస్తాను గానీ ఆ ఊరికి మాత్రం పోను అని తేల్చుకున్న మనిషి మాట అది.

పిలుపు వద్దన్న ప్రవక్తలు ఇంకా ఉన్నారు. మోషే తనకి నోటిమాంద్యం ఉందన్నాడు, యిర్మీయా నేను బాలుణ్ణి అన్నాడు. వాళ్లు కారణం ముందే చెప్పి బతిమాలుకున్నారు. యోనా మాత్రం మొదటి అధ్యాయంలో దేవుడితో ఒక్క మాట కూడా మాట్లాడడు. లేచాడు, యొప్పే రేవుకి దిగాడు, కేవు (ప్రయాణ కూలి) ఇచ్చి, తర్షీషు అనే దూరపు చోటికి పోయే ఓడ ఎక్కాడు. ఎందుకో కథకుడు మనకి చెప్పడు. చివరికి ఆయన వెళ్లి ప్రకటించి, నీనెవె మారిపోయి, దేవుడు శిక్ష మానుకున్నాక, కోపంతో మండిపోతూ నాలుగో అధ్యాయంలో అప్పుడు బయటపెడతాడు: నా దేశంలో ఉన్నప్పుడే ఇలా జరుగుతుందని అనుకున్నాను కదా, అందుకే పారిపోయాను అని. అంటే ఆయన ఉద్దేశం గురించి మనం ఊహించాల్సిన పని చాలా తక్కువ, ఆయనే చెప్పాడు. నువ్వు క్షమిస్తావని తెలిసే పారిపోయాను అంటున్నాడు.

ఇప్పుడు ఆ వచనం చూడండి. మన తెలుగు బైబిల్లో "కటాక్షమును జాలియును బహు శాంతమును అత్యంత కృపయుగల దేవుడవై" అని ఉంటుంది. ఇది యోనా సొంత మాట కాదు. బంగారు దూడ పాపం తర్వాత సీనాయి మీద దేవుడు తన గురించి తానే చెప్పుకున్న మాట, నిర్గమకాండం 34:6. అక్కడ "విస్తారమైన కృపాసత్యములుగల" అని ఉంది, ఆ వెంటనే దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు అని కూడా ఉంది. యోనా నోట్లో కృప మిగిలింది, సత్యం పోయింది, దోషులకి శిక్ష అన్న సగమూ పోయింది. వాటి చోట "కీడు చేయక మానుదువు" అన్న మాట వచ్చింది. హెబ్రీలో ఆ సత్యానికి మాట ఎమెత్, యోనా తండ్రి పేరు అమిత్తయి దాని నుంచి వచ్చిందే. సత్యం అనే మాట ఇంటిపేరులా మోసే మనిషి, దేవుడి గుణాలు వల్లిస్తూ సరిగ్గా ఆ మాట దగ్గరే వదిలేశాడంటే, నువ్వు కృప చూపించావు సరే, న్యాయం ఏమైంది అని అడుగుతున్నట్టే నాకు వినిపిస్తుంది.

నహూము అనే మరో ప్రవక్త ఇదే నీనెవె పట్టణం మీద ఇదే సీనాయి వాక్యాన్ని తీసుకున్నాడు. దీర్ఘశాంతుడు అన్నాడు, వెంటనే మహాబలం గలవాడు, దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు అన్నాడు (1:3). ఒకే వాక్యం, ఒకే ఊరు, ఒకరు కృప సగం పట్టుకున్నారు, ఒకరు శిక్ష సగం పట్టుకున్నారు. ఈ రెండు పుస్తకాలూ ప్రశ్నతోనే ముగుస్తాయి కూడా. పక్కపక్కన పెట్టుకుని చదవండి, తేడా తెలుస్తుంది.

రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఇంకో రెండు కారణాలు చెప్పారు. ఒకటి, చెప్పింది జరక్కపోతే అబద్ధ ప్రవక్త అంటారని పరువు భయం. ఇది నాకు అంతగా నచ్చదు, తన పేరు గురించి యోనా ఎక్కడా మాట్లాడడు. రెండోది బలమైనది, మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రషీ కూడా అటే వెళ్లాడు: అన్యజనులు ఒక్కసారి చెప్పగానే మారిపోతారు, ఇశ్రాయేలు ఎన్నిసార్లు చెప్పినా మారదు, ఆ పోలికతో నా జనం మీదికి శిక్ష వస్తుంది అని యోనా అనుకున్నాడట. మెఖిల్తా అనే ప్రాచీన వ్యాఖ్య ఇంకా ముక్కుసూటిగా చెబుతుంది, యోనా కుమారుడి గౌరవం చూసుకున్నాడు గానీ తండ్రి గౌరవం చూసుకోలేదట. కుమారుడంటే ఇశ్రాయేలు, తండ్రి అంటే దేవుడు. దీంట్లో తప్పుపట్టడం ఉంది, కానీ యోనాది స్వార్థం అన్న నింద లేదు, నాకు అది బాగా నచ్చింది.

ఈ సత్యం మాట మీద ఒకరు మంచి అభ్యంతరం పెట్టారు: యోవేలు ప్రవక్త గ్రంథం 2:13లోనూ సత్యం అన్న మాట లేదు, 103వ కీర్తనలోనూ లేదు, మరి యోనా కావాలనే వదిలేశాడని ఎలా అంటారు అని. నిజమే, ఆ ఒక్క మాట లేకపోవడం మీదే మొత్తం బరువు పెడితే నిలబడదు (86వ కీర్తనలో మాత్రం కృపాసత్యములు రెండూ ఉన్నాయి). కానీ యోవేలు దగ్గరికే ఇంకాస్త వెళ్దాం. అక్కడ ఈ వాక్యం యూదా ప్రజలకి ధైర్యం చెప్పడానికి వచ్చింది, తర్వాతి వచనంలోనే దేవుడు మనసు తిప్పుకుంటాడేమో ఎవరికి తెలుసు అంటాడు. యోనా మూడో అధ్యాయంలో దాదాపు అదే మాట ఎవరంటారు? నీనెవె రాజు. యూదా ప్రజలు ఉపవాసం రోజు చెప్పుకునే మాట శత్రువుల రాజు నోట వచ్చింది, దేవుడు విన్నాడు కూడా. కీర్తనకారుడు స్తుతిగా పాడినదాన్నే యోనా ఫిర్యాదుగా చెప్పడంలో నొప్పి ఎక్కడుందో ఇక్కడ అర్థమవుతుంది.

"అష్షూరు వాళ్లు తర్వాత ఇశ్రాయేలుని నాశనం చేస్తారని ముందే తెలిసి వద్దన్నాడు" అని ఇంకొకరు రాశారు. రెండో రాజులు 14:25లో గత్హేపెరు ఊరివాడైన యోనా ఇశ్రాయేలు రాజు రెండో యరొబాము కాలంలో, అంటే క్రీ.పూ. 8వ శతాబ్దంలో కనిపిస్తాడు. అదే శతాబ్దం చివర్లో, 722 ప్రాంతంలో, అష్షూరు చేతిలో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పడిపోయింది. నీనెవె 612లో పోయింది. చాలామంది పండితులు ఈ పుస్తకం యూదులు బబులోను చెరకి వెళ్లొచ్చిన తర్వాత రాసిందే అంటారు కాబట్టి మొదటి పాఠకులకి ఇవన్నీ తెలిసే ఉంటాయి, ఆ జ్ఞాపకంతోనే చదివి ఉంటారు. అయినా యోనా నోటితో ఆ మాట పుస్తకం చెప్పించలేదు, కాబట్టి దాన్ని వచనం అర్థంగా రాయడం నాకు ఒప్పదు. చదివేవాళ్ల గుండెలో ఉన్న బాధగా చెప్పండి, సరిపోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. యోనా అంటే పరాయివాళ్లు బాగుపడితే ఓర్వలేని సంకుచితమైన యూదుడు అని ప్రసంగాల్లో వింటుంటాం, నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఈ కథ రాసిందీ, దాచిందీ యూదులే. యోమ్ కిప్పూర్ నాడు, తమ పాపాలు ఒప్పుకునే ఉపవాస దినాన, మధ్యాహ్న ప్రార్థనలో దీన్ని మొత్తం చదువుకునేదీ వాళ్లే. చదివాక మీకా గ్రంథంలోని చివరి మూడు వచనాలు కలుపుతారు. వాటిలో ఆఖరిది యాకోబుకు సత్యం, అబ్రాహాముకు కృప అంటూ రెండింటినీ ఒకేచోట చెబుతుంది.