ఆదివారం పైకి చదవడానికి కథలు చెప్పండి

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లు పుస్తకం పట్టుకోవద్దన్నారు. ఆవిడేమో కథ లేనిదే ఉండలేరు. అందుకని మూడు నెలలుగా ఆదివారం టిఫిన్లయ్యాక నేను పైకి చదువుతున్నాను. మావారి స్నేహితుడి కుటుంబం కూడా వచ్చి కూర్చుంటోంది. (పెసరట్ల కోసమేనని నా అనుమానం.)

సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’తో మొదలుపెట్టాం. మొత్తం 100 కథలు, అన్నీ చిన్నవే. కృష్ణ ఒడ్డు మాటొస్తే చాలు, అత్తయ్యగారు వాళ్ల ఊరి రేవు గుర్తొచ్చి సొంత కథ మొదలెడతారు. తర్వాత ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ అందుకున్నా. పిల్లలు పడీపడీ నవ్వారు కానీ, ఆ నెల్లూరు యాస నా నోట పలకలేదు. మాది కాకినాడ మరి! మధ్యలో ఒక నవల పట్టుకున్నాం, వారం గ్యాప్‌లో ఎవరికీ ఏదీ గుర్తుండక వదిలేశాం.

పావుగంటలో అయిపోయే, పదేళ్ల పిల్లకీ డెబ్భై దాటిన పెద్దావిడకీ పట్టే కథల సంపుటాలు ఏమున్నాయి? తెలంగాణ పల్లె కథలైతే మరీ మంచిది. మా స్నేహితులది కరీంనగర్, వాళ్లచేతే చదివిస్తాను. ఏడుపులు ఎక్కువున్నవి మాత్రం వద్దండీ. ఇంకోటి, యాస రానివాళ్లు అలాంటి కథలు పైకి ఎలా చదువుతారు? మామూలు తెలుగులోకి మార్చేస్తే రుచి పోతుందా?