సైకిల్ పోలో నేషనల్స్ హన్మకొండలో పెట్టాలంటే ఏ గ్రౌండ్ చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. ఏడెనిమిది మందిమి కలిసి సైకిల్ పోలో (సైకిల్ మీద తిరుగుతూ పొడవాటి కర్రతో బంతిని గోల్‌లోకి కొట్టే ఆట) ఆడుతుంటాం. జాతీయ పోటీలు ఈసారి మన దగ్గర పెట్టండని అడుగుదామని ఉంది. కానీ ముందు గ్రౌండ్ ఏదో తేల్చుకోవాలి. మా వాళ్లందరి ఓటూ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియానికే. 2021లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే అయ్యాయి కదా, పేరు చెబితేనే ఒప్పుకుంటారని వాళ్ల లెక్క. ఒక దోస్తు మాత్రం కాంక్రీటు కోర్టులో ఆడిస్తే ఖర్చు తక్కువ అంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (రిటైరైన పీఈటీ, హన్మకొండ):
తమ్ముడూ, మీ దోస్తు చెప్పేది వేరే ఆట. కాంక్రీటు మీద ఆడేది హార్డ్‌కోర్ట్ పోలో. జట్టుకు ముగ్గురు, దాదాపు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టు, చుట్టూ చెక్క గోడ. కాలు కింద పెడితే పోయి నడిమి గీత దగ్గర తట్టి రావాలి. మన దగ్గర నేషనల్స్ అంటే గడ్డి మీద ఆడే పాత ఆటే, 1908 లండన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శనగా ఆడింది. దానికి 150 మీటర్లు × 100 మీటర్ల గ్రౌండ్ కావాలి. తగ్గించుకున్నా 120 × 80.

ఇక జేఎన్ఎస్ సంగతి. స్టాండర్డ్ 400 మీటర్ల ట్రాక్‌కు వంపు వ్యాసార్థం 36.5 మీటర్లు. అంటే లోపలి వెడల్పు 73 మీటర్లే. మీకు కావలసింది 80. ఏడు మీటర్లు ఎక్కడి నుంచి తెస్తారు? ట్రాక్ మీదికి సైకిళ్లు ఎక్కిస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అంత డబ్బు పోసి వేసిన సింథటిక్ మీద బ్రేకు కొట్టి తిప్పితే ఏమవుతుందో మీకే తెలుసు. పేరు చూసి గ్రౌండ్ రాయొద్దు, టేపు పట్టుకుని పోయి రాయండి.

ప్రశ్న అడిగినవారు:
సార్, ఈ లెక్క మాకు తట్టనే లేదు. మరి కాలేజీ గ్రౌండ్లు చూడాలా? ఆర్ట్స్ కాలేజీ, యూనివర్సిటీ వైపు పెద్దవే ఉన్నాయి.

జవాబు (కాజీపేట నుంచి):
పెద్దగా ఉంటే సరిపోదన్నా. నేను ఒకసారి ఒక కాలేజీ గ్రౌండులో జిల్లా స్థాయి మ్యాచులు పెట్టించి తల పట్టుకున్నా. కాలేజీ పేరెందుకులే. దూరం నుంచి పచ్చగా కనిపించింది. మొదటి చక్కర్ (ఆటలో ఒక భాగం) ఏడున్నర నిమిషాలు గడవక ముందే నాలుగు సైకిళ్లు పంక్చర్. పల్లేరు కాయలు! వానలు తగ్గాక ఆ తీగ ఎండి కాయలన్నీ గడ్డిలో రాలిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. అప్పటి నుంచి నేను చేసే పని ఒకటే. పాత హవాయి చెప్పులు వేసుకుని గ్రౌండు అడ్డంగా, నిలువుగా నడుస్తా. మూలల్లో, గోల్ వెనకాల మరీ ఎక్కువగా నడుస్తా. తర్వాత చెప్పులు తిప్పి అడుగు చూస్తా. రెండు మూడు కాయలైతే గోనెపట్టాలు తడిపి నాలుగైదు రోజులు ఈడ్పించాలి, కాయలు పట్టాకు గుచ్చుకుని వచ్చేస్తాయి. చెప్పు నిండా ముళ్లుంటే ఆ గ్రౌండు మర్చిపోవడమే.

రెండోది, మధ్యలో సిమెంటు క్రికెట్ పిచ్ ఉందా చూడు. దాని అంచు రెండు వేళ్ల ఎత్తు లేచి ఉన్నా చాలు, బంతి వెంట చూస్తూ వచ్చేవాడు హ్యాండిల్ మీది నుంచి ఎగిరి పడతాడు. మూడోది, అక్కడ సభలు జరిగాయా అడుగు. టెంటు గుంజలు పీకిన గుంతల మీద దుమ్ము పోసి వదిలేస్తారు, చక్రం దిగబడేదాకా తెలియదు. నల్లరేగడి అయితే చలికాలంలో నెర్రెలు ఇస్తుంది, మొరం నేల మీద గడ్డి ఉంటే నయం.

జవాబు (రిటైరైన పీఈటీ):
కాజీపేట తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఒకటి కలుపుతా. గీత దాటాక కనీసం ఐదారు మీటర్లు ఖాళీ ఉండాలి. సైకిల్ గీత మీద ఆగదు. గీత పక్కనే వేపచెట్టు మొదలో, కరెంటు స్తంభమో ఉంటే అంబులెన్స్ పిలవాల్సిందే.

గ్రౌండ్లు ఎన్ని కావాలో కూడా చూసుకోండి. పదహారు జట్లు వచ్చాయనుకోండి. నాలుగేసి జట్ల గ్రూపులైతే లీగులోనే 24 మ్యాచులు, పైన క్వార్టర్స్ నుంచి ఫైనల్ దాకా, మూడో స్థానం మ్యాచుతో కలిపి ఇంకో 8. ఆట 30 నిమిషాలే అయినా విరామాలతో మ్యాచుకు 45 నిమిషాలు పడుతుంది. 32 మ్యాచులకు 24 గంటలు. డిసెంబరులో మంచు ఆరేసరికి ఎనిమిది అవుతుంది, సాయంత్రం ఐదింటికల్లా ముగించాలి. అంటే ఒకే గ్రౌండ్ అయితే ఊపిరాడకుండా మూడు రోజులు. ఆడవాళ్ల పోటీలు కూడా పెడితే రెండో గ్రౌండ్ తప్పదు.

ప్రశ్న అడిగినవారు:
రైలు, లాడ్జిల సంగతి?

జవాబు (కాజీపేట నుంచి):
ఢిల్లీ, చెన్నై వైపు నుంచి వచ్చేవాళ్లకు కాజీపేట జంక్షన్ మంచిదే. కానీ బండి ఆగేది కొద్ది నిమిషాలు. బ్రేక్ వ్యానులోంచి పది సైకిళ్లు దించేలోపు బండి కదిలితే అవి ఎక్కడ తేలతాయో! చక్రాలు విప్పి కట్టలు కట్టి తెమ్మని ముందే రాసి పంపండి. లేదంటే సికింద్రాబాద్‌లో దింపించి డీసీఎం మాట్లాడుకోండి. తేదీలు మాత్రం మేడారం జాతరకు దగ్గరగా పెట్టొద్దు. 2024లో ఫిబ్రవరిలో, 2026లో జనవరి చివర వచ్చింది. ఆ రోజుల్లో హన్మకొండలో లాడ్జి కాదు కదా, బస్సులో నిలబడే జాగా దొరకదు.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత):
ఒక కాలేజీ గ్రౌండు కొలిచాం. 138 × 91 వచ్చింది. పిచ్ ఓ మూలన ఉంది, గీతలోకి రాదు. రెండు చెప్పులకూ కలిపి పల్లేరు కాయలు పదకొండు. గోనెపట్టాలు ఎక్కడ దొరుకుతాయి సార్?

జవాబు (రిటైరైన పీఈటీ):
ఎనుమాముల మార్కెట్లో అడుగు. పాతవే కొను, కొత్తవి దండగ. గీతలు 120 × 80 కే కొట్టండి, మిగిలింది చుట్టూ వదిలేయండి.