సెలవుల జాబితాలో అందరి పండుగలకూ చోటు కల్పించడం ఎలా?

మాదాపూర్ ఉద్యోగి: నమస్కారం. మా సంస్థలో వచ్చే ఏడాది సెలవుల జాబితా తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఉదయం నుంచి కూర్చున్నా ఒక కొలిక్కి రావడం లేదు. బోనాలు చేరిస్తే గుడ్‌ఫ్రైడేకు చోటుండదు, సద్దుల బతుకమ్మకు ఇస్తే గురునానక్ జయంతి తప్పిపోతుంది. ఎవరి మనసూ నొప్పించకుండా దీనిని ఎలా పూర్తిచేయాలో దయచేసి చెప్పగలరు.

ఉప్పల్ నివాసి: మొత్తం ఎన్ని సెలవులు? ఏ వేళల్లో పని? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

విశ్రాంత కార్మికశాఖ ఉద్యోగి: ముందు చట్టం చూడండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 సెలవులు 1974 నాటి జాతీయ, పండుగ సెలవుల చట్టం ప్రకారం ఇవ్వవలసినవే. వాటిని కూడా యాజమాన్యం ఉదారంగా ఇచ్చిన పండుగ సెలవుల లెక్కలో చూపడం ఈ నగరంలో చాలా సంస్థలకు అలవాటైపోయింది. ఇక బోనాలు ఆదివారం వస్తాయి, ప్రభుత్వ సెలవు సోమవారం ఉంటుంది.

పాతబస్తీ పాఠకుడు: సెలవు ఇవ్వడం ఒక ఎత్తు, ఆ రోజు ఏమిటో తెలిసి ఉండడం మరొక ఎత్తు. మొహర్రం పదవ రోజున బీబీ కా ఆలం (పీరు) ఊరేగింపు దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దిశగా సాగుతుండగా వెంట నడిచేవారు గుండెలు బాదుకుంటూ శోకిస్తారు; అదే రోజున దీపాల బొమ్మతో ‘మొహర్రం శుభాకాంక్షలు’ అని కార్యాలయం నుంచి ఈమెయిల్ వస్తే ఎలా ఉంటుంది? గుడ్‌ఫ్రైడే విషయమూ అంతే. రంజాన్ తేదీ పక్కన ‘నెలవంక దర్శనాన్ని బట్టి’ అని తప్పక రాయండి.

ఉప్పల్ నివాసి: అడిగింది జాబితా గురించి.

అమీర్‌పేట పాఠకురాలు: కొన్నింటిని ఐచ్ఛిక సెలవులుగా పెట్టండి.

విశ్రాంత కార్మికశాఖ ఉద్యోగి: మేనేజరు కాదనగలిగితే దానిని ఐచ్ఛికమని ఎలా అంటారు? అది మామూలు సెలవే.

అమీర్‌పేట పాఠకురాలు: నెల ముందు చెబితే కాదనకూడదని నియమంలో రాస్తే సరిపోతుంది కదండీ.

మాదాపూర్ ఉద్యోగి: మాది అమెరికా క్లయింటు పని, సాయంత్రం ఆరు నుంచి షిఫ్టు. జులై 4, థాంక్స్‌గివింగ్ ఎలాగూ జాబితాలో ఉంటాయి. ఈ ఊళ్లో అది చెప్పనవసరం లేదనుకున్నాను.

ఉప్పల్ నివాసి: మీ చోటు పోయింది అక్కడే.

అమీర్‌పేట పాఠకురాలు: అయితే తేదీ కన్నా వేళ ముఖ్యం. బతుకమ్మ ఆడేదీ, ఇఫ్తార్‌తో ఉపవాసం విడిచేదీ సరిగ్గా మీ షిఫ్టు మొదలయ్యే సమయంలోనే. ఆ రోజుల్లో రెండు గంటలు ఆలస్యంగా రావడానికి అనుమతిస్తే, పూర్తి సెలవు ఇవ్వలేని చోట కూడా చాలామందికి వెసులుబాటు కలుగుతుంది.

విశ్రాంత కార్మికశాఖ ఉద్యోగి: అర్ధరాత్రి దాటాక చేసిన పని ఏ తేదీ కిందికి వస్తుందో కూడా ముందే రాసుకోవాలి. లేకపోతే ఆగస్టు 14 రాత్రి షిఫ్టుకు వచ్చినవారితో పేచీ తప్పదు.

మాదాపూర్ ఉద్యోగి: ఆలస్యపు అనుమతి గురించి పైవారిని అడుగుతాను. ధన్యవాదాలు.

పాతబస్తీ పాఠకుడు: శుభాకాంక్షల ఈమెయిల్ సంగతి?