‘అదుపు తప్పిన విమానం’ అనవచ్చా?

1989 జూలై 19న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, సూ సిటీ విమానాశ్రయంలో కూలిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం గురించి వ్యాసం అనువదిస్తున్న సభ్యులొకరు, ‘అదుపు తప్పిన విమానం’ అని రాయవచ్చా అని అడిగారు. రాయకూడదని నా అభిప్రాయం.

బండి అదుపు తప్పిందంటే, తోలేవాడు చేయగలిగిందేమీ మిగలలేదని మనం అర్థం చేసుకుంటాం. మూడు ఇంజిన్ల ఆ డీసీ-10 విమానంలో తోక ఇంజిన్ బద్దలై, ఎగిరిన ముక్కలు గొట్టాలను తెంచడంతో చుక్కానినీ రెక్కల పలకలనూ ద్రవపీడనంతో కదిపే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. ఇక అవేవీ కదలలేదు. అయినా కెప్టెన్ అల్ హేన్స్ బృందమూ, ప్రయాణికుడిగా వచ్చి థ్రాటిళ్లు (ఇంజిన్ల జోరును పెంచి తగ్గించే మీటలు) అందుకున్న శిక్షక పైలట్ డెనిస్ ఫిచ్, రెక్కల కింది రెండు ఇంజిన్లతోనే విమానాన్ని రన్‌వే దాకా తెచ్చారు. అందులోని 296 మందిలో 184 మంది బతికారు. ఇంత పనిని ‘అదుపు తప్పింది’ అన్న రెండు మాటలు మింగేస్తాయి.

ఆ పని ఎలాంటిదో చెప్పడానికి మన సేద్యపు మాటలు బాగా పనికొస్తాయి. పగ్గాలు తెగిన జోడెడ్ల బండిలో దాపటి ఎద్దును అదిలిస్తే బండి వలపటికి తిరుగుతుంది, వలపటి దాన్ని అదిలిస్తే దాపటికి. ఆ విమానం కుడికి ఒరిగిపోతుంటే ఎడమ ఇంజిన్‌ను తగ్గించి, కుడిదాన్ని పెంచి నిలబెట్టారు. ఎద్దుకూ ఇంజిన్‌కూ ఒక తేడా ఉంది: థ్రాటిల్ కదిపిన కొన్ని క్షణాలకు గానీ ఫలితం కనబడదు కాబట్టి, విమానం ముక్కు లేస్తూ దిగుతూ సాగే తూగును ముందే ఊహించి సరిదిద్దాలి.

థ్రస్ట్‌కు, అంటే ఇంజిన్ విమానాన్ని ముందుకు నెట్టే బలానికి, ‘తోపు’ అనడం నాకు ఇష్టం. తోపుడు బండిలో ఉన్నది ఆ ధాతువే. మామిడి తోపు గుర్తొస్తుందనుకుంటే ‘తోపుబలం’ అనండి. ‘ఒత్తిడి’ మాత్రం వద్దు, అది పీడనంతో కలిసిపోతుంది.

2003 నవంబరు 22న బాగ్దాద్‌లో క్షిపణి తగిలి హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ కోల్పోయిన సరుకు రవాణా ఎయిర్‌బస్ ఏ300ను ముగ్గురు సిబ్బంది ఇదే పద్ధతిలో ప్రాణనష్టం లేకుండా దించారు. దానికీ సరిపోయేలా మీ వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘చుక్కాని, రెక్కల పలకలు పనిచేయని ఆ విమానాన్ని ఇంజిన్ల తోపుతోనే మళ్లించుకుంటూ నేలకు తెచ్చారు.’